పని తెలిసినవాళ్ళు తప్పు పట్టలేని ఫోటో: సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం ఊళ్ళలో పనివాళ్ళ పోర్ట్రెయిట్లు తీయడం ఎలా

పొందూరు ఖాదీ అని ఒకసారి వెతికి చూడండి. రాట్నం ముందు కూర్చున్న ముసలమ్మల ఫోటోలు బోలెడు వస్తాయి. ముడతలు పడ్డ ముఖం, బోసినవ్వు, వెనకాల మసకబారిన గోడ, చూడటానికి అన్నీ బాగానే ఉంటాయి. కానీ కొంచెం ఆగి చేతులు చూడండి, చాలావాటిలో చేతిలో ఏకు (దారం తీసే దూది వత్తి) ఉండదు, లేదంటే దారం తెగి వేలాడుతుంటుంది, లేదంటే చెయ్యి రాట్నం మీద ఊరికే పెట్టి ఉంటుంది. ఫోటోగ్రాఫర్ "ఇలా చూడమ్మా" అన్నాడు, ఆవిడ పని ఆపేసింది, ఆయన నొక్కేశాడు, అంతే. మనకి తేడా తెలీదు. పక్కింట్లో వడికే ఇంకో మామ్మకి చూపిస్తే మాత్రం వెంటనే చెప్పేస్తుంది, "ఇదేటి బాబూ, ఈయమ్మ వడకట్నేదు కదా" అని.

ఈ మార్గదర్శిలో నేను పెట్టుకున్న గీటురాయి ఆ రెండో మామ్మే. అదే పని చేసే ఇంకో మనిషి చూసి తప్పు పట్టలేకపోతే ఫోటో పాసైనట్టు, లైకుల సంగతి తరవాత. దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. కావలసిందల్లా తొందర లేకపోవడం, అది చాలామందికి కెమెరా కంటే ఖరీదు.

1. ఎవర్ని తీయాలి

మన రెండు జిల్లాల్లో మొదట గుర్తొచ్చే పేర్లు ఎలాగూ ఉన్నాయి. పొందూరులో నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళు. సారవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు పోత పోసేవాళ్ళు. పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ళు, ఉద్దానంలో కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు, కళింగపట్నం నుంచి భావనపాడు దాకా తీరం పొడుగునా మత్స్యకారులు. గుండె మీద తప్పెట కట్టుకుని గెంతుతూ పాడే తప్పెటగుళ్ళ దళాలు, జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్ళు, హరికథ చెప్పేవాళ్ళు. సీతంపేట కొండల్లో సవర గిరిజనుల బొమ్మలు వేసేవాళ్ళు (2022లో జిల్లాలు విడగొట్టాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది గానీ, సిక్కోలోళ్ళ నోట్లో ఇంకా మనదే).

వీళ్ళని ఇప్పటికే చాలామంది తీశారు, మీరూ తీయండి, తప్పేం లేదు. కానీ అసలు సరుకు ఇంకోచోట ఉంటుంది. పాత వాల్వు రేడియోలు బాగుచేసి ఇంటినిండా పెట్టుకున్న రిటైర్డ్ మేస్టారు, పౌరాణిక నాటకాలకి కిరీటాలు, భుజకీర్తులు అద్దెకిచ్చే ఆయన, చేత్తో బోర్డులు రాసే ఆఖరి పెయింటరు, పొద్దున్నే కుర్రాళ్ళకి కర్రసాము నేర్పే తాత. ఇలాంటివాళ్ళు ఏదో ఒక వీధిలో ఉంటారు, గూగుల్‌లో దొరకరు. టీ కొట్టు దగ్గర "ఇక్కడ వింతైన పని చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగితే మిమ్మల్నే వింతగా చూస్తారు. అలా కాకుండా "ఈ ఊళ్ళో ఏ పనికోసం పక్క ఊళ్ళవాళ్ళు కూడా వస్తారు?" అని అడగండి. ఈ ప్రశ్నకి సమాధానం లేని ఊరు ఉండదు. "సాయంత్రాలు ఆయన ఏం చేసుకుంటాడో తెలుసా" అని ఎవరి గురించి జనం నవ్వుతూ చెప్పుకుంటారో కూడా చెవినేసుకోండి. సరదా ఉన్న మనిషి అక్కడే బయటపడతాడు.

2. ముందు ఊరికే చూడండి

మొదటి పూట కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. పని మొదలు నుంచి చివరిదాకా చూడండి, పనిముట్ల పేర్లు అడగండి, ఏ పేరు ఆ మనిషి నోట ఎలా వస్తే అలాగే రాసుకోండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు, ఫోటో కోసం కూడా. ప్రతి పనిలోనూ ఒక క్షణం ఉంటుంది, ఒళ్ళంతా ఒక్కచోటికి వచ్చి మనిషి ఊపిరి బిగబట్టే క్షణం. దాన్ని ముందే గుర్తించినవాడికి ఆ ఫోటో దొరుకుతుంది, మిగిలినవాళ్ళకి దాని ముందుదో వెనకదో దొరుకుతుంది.

గొల్లపల్లి వీణనే తీసుకోండి. పనస దుంగని చెక్కి కుండ, దండి విడివిడిగా కాకుండా ఒకే చెక్కలో చేస్తారు, అందుకే దాన్ని ఏకాండి వీణ అంటారు. జనం ఎక్కువగా తీసేది చెక్కుతున్నప్పటి ఫోటో, ఉలి, చిత్తు పేళ్ళు, చెమట. బాగానే ఉంటుంది గానీ అది ఏ వడ్రంగి ఫోటో అయినా కావచ్చు. వీణ పనివాడు మాత్రమే చేసే పని ఇంకా తరవాత వస్తుంది, మైనం మీద 24 మెట్లు ఒక్కొక్కటే కూర్చి తీగ మీటి వింటాడు. అప్పుడు మెడ ఒక పక్కకి వాలుతుంది, కళ్ళు దేన్నీ చూడవు. పోర్ట్రెయిట్ అంటే అదీ. అక్కడ "నవ్వండి" అనే ఫోటోగ్రాఫర్‌ని ఏం చేసినా పాపం లేదు.

పొందూరులో కూడా అంతే. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు, ఆ దవడకి ఉండే సన్నటి పళ్ళే దువ్వెన. ఇది ప్రపంచంలో ఎవరికి చూపించినా నోరెళ్ళబెడతారు, కాబట్టి అందరూ దవడ క్లోజప్ తీసుకుని వెళ్ళిపోతారు. కాసేపు కూర్చుంటే ఇంకోటి కనిపిస్తుంది: ఏకుని మురికి అంటకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టి పట్టుకుని, ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంటే ఇంకో చెయ్యి దారాన్ని సాగదీస్తూ వెనక్కి, పైకి వెళుతుంది, ఆ చెయ్యి చివరిదాకా చాచినప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది. చూపు వేళ్ళ మీద కాదు, దారం మీద ఉంటుంది. రెండో మామ్మ ఒప్పుకునేది ఆ క్షణాన్నే.

3. అడగడం

మన పల్లెల్లో కెమెరా వేసుకుని దిగగానే వచ్చే మొదటి ప్రశ్న, "ఏ ఆఫీసు బాబూ? ఏటైనా స్కీమొచ్చిందా?" ఇక్కడ నవ్వేసి ఊరుకోకండి. పింఛనో, లోనో, ఇల్లో వస్తుందన్న ఆశతో ఆ మనిషి ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం కాదు. "నేను ప్రభుత్వం మనిషిని కాదు తాతా, నా వల్ల డబ్బులు రావు, మీ పని నచ్చి ఫోటో తీసుకుందామని వచ్చాను, ఇంటర్నెట్‌లో పెడతాను, అందరూ చూస్తారు" అని నాలుగు ముక్కలూ చెప్పేయండి. ఇంటర్నెట్‌లో పెట్టడం అంటే ఏమిటో ఫోన్ తీసి చూపించండి. వాళ్ళ మనవడో మనవరాలో పక్కన ఉంటే ఇంకా మంచిది, వాళ్ళు సరిగ్గా వివరిస్తారు.

వరసలు కలపడంలో కొంచెం చూసుకోండి. పెద్దవాళ్ళని తాతా, మామ్మా అంటే ఎవరూ కాదనరు. కానీ నలభై ఏళ్ళ ఆవిడని మామ్మా అన్నారంటే మీ పోర్ట్రెయిట్ అక్కడికి అయిపోయినట్టే.

జీడి బట్టీలు, పరిశ్రమల దగ్గర ఇంకో చిక్కు ఉంది. యజమాని "తీసుకోండి తీసుకోండి" అంటాడు, పనిచేసే ఆడవాళ్ళు తలొంచుకుని ఉంటారు. యజమాని ఇచ్చింది లోపలికి రావడానికి పర్మిషను మాత్రమే, ఆవిడ ముఖానికి పర్మిషను ఆవిడే ఇవ్వాలి, అది కూడా ఆయన పక్కన లేనప్పుడు అడగాలి. వద్దంటే వద్దే. జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, కొంతమంది చేతులు నల్లబడి ఉంటాయి, వాళ్ళు చేతులు కొంగులో దాచుకుంటే ఆ చేతుల్నే జూమ్ చేసేవాళ్ళని చూశాను. అది దొంగతనం. పనిలో చిన్నపిల్లలు కనిపిస్తే కెమెరా కిందికి దించండి.

కొండ మీది సవర ఊళ్ళకి వెళ్ళేటప్పుడు భాష తెలిసిన ఊరివాళ్ళు ఒకరు వెంట ఉండాలి. పూజలకి సంబంధించి గోడల మీద వేసే బొమ్మలు ఉంటాయి, ఏది తీయొచ్చో ఏది తీయకూడదో వాళ్ళని అడిగాకే తీయండి.

డబ్బుల సంగతి. ఇవ్వాలా వద్దా అని ఫోటోగ్రాఫర్లు తెగ వాదించుకుంటారు. నా లెక్క సింపుల్: మీ వల్ల వాళ్ళ పని ఆగితే ఆ పూట కూలి నష్టం మీది. వాళ్ళు అమ్మే వస్తువు ఉంటే, చెప్పిన రేటుకి బేరమాడకుండా కొనండి. గంటసేపు పని ఆపించి, ఒక కండువా దగ్గర యాభై రూపాయలు తగ్గించమనే మనుషులు కూడా ఉన్నారు మరి.

4. వెలుగు, వేళ

దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే బయటి దేశాలవాళ్ళు రాసిన పాఠాలు మన ఎండకి సరిపోవు.

మనం తూర్పు తీరంలో ఉన్నాం, దేశంలో చాలామంది కంటే మనకి ముందే తెల్లారుతుంది. శ్రీకాకుళంలో జూన్‌లో 5:20కే సూర్యోదయం, డిసెంబర్లో 6:20 అవుతుంది. సాయంత్రం కూడా అంతే తొందరగా, డిసెంబర్లో 5:30 కాకుండానే పొద్దుగూకుతుంది. "సాయంత్రం ఆరింటికి బంగారు వెలుగు" అని ఎక్కడో చదివి చలికాలంలో కళింగపట్నం వెళితే చీకట్లో లైట్‌హౌస్ చూసి రావాలి. పైగా సముద్రం మనకి తూర్పున ఉంది, అంటే తీరంలో పొద్దుటి వెలుగే వెలుగు. పడవలు ఒడ్డుకొచ్చేటప్పుడు అందరూ సముద్రం వైపు తిరిగి తీస్తారు, సూర్యుడు ఎదురుగా ఉండి ముఖాలు నల్లగా పడతాయి. నీడబొమ్మలు కావాలంటే సరే. ముఖం కావాలంటే నీటికి వీపు పెట్టి (కెరటాల్ని ఓ కంట కనిపెడుతూ) ఒడ్డు వైపు తిరగండి, కింద నుంచి వచ్చే ఎండ ముఖం మీద సూటిగా పడుతుంది. అది గంటకి మించి ఉండదు.

మధ్యాహ్నం ఎండలో వద్దు అని అందరూ చెప్తారు, మన దగ్గర అది ఇంకా గట్టిగా చెప్పాలి. మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. కనుగుంటల్లో నీడ, ముక్కు కింద నీడ, ఎంత అందగాడైనా దెయ్యంలా పడతాడు. ఇంకో మెలిక, ఉత్తరం వైపు కిటికీ వెలుగు రోజంతా మెత్తగా ఉంటుందని ఫోటో పాఠాల్లో రాస్తారు. చలికాలంలో మనకీ నిజమే. కానీ మే, జూన్, జూలైలో సూర్యుడు తూర్పుకి బాగా ఉత్తరంగా పొడుస్తాడు, ఉత్తరంగానే దిగుతాడు, అందుకని ఉత్తరం వసారాలో కూడా పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ పడుతుంది. కాబట్టి దిక్కులు బట్టీ పట్టకుండా, ముందురోజు అదే వేళకి వెళ్ళి ఎండ ఎక్కడ పడుతోందో చూసుకోండి.

అన్నిటికంటే మంచి స్టూడియో పెంకుటింటి వసారా. పైన కప్పు, ఎదురుగా తెరిచిన వీధి, వీధి మట్టి మీద పడ్డ ఎండ తిరిగి మెత్తగా ముఖం మీదికి వస్తుంది. మనిషిని అరుగు అంచుకి దగ్గరగా, ముఖం వీధి వైపు ఉండేలా కూర్చోబెట్టండి, మీరు వీధిలో నిలబడండి. కళ్ళల్లో తెల్లటి చుక్క మెరిస్తే చోటు కుదిరినట్టు. ఇంట్లోపల అయితే గుమ్మానికి రెండడుగుల లోపల, పక్కవాటంగా. ముఖంలో రెండో సగం మరీ చీకటైతే ఒక తెల్ల థర్మోకోల్ షీటు, అదీ లేకపోతే ఉతికిన పంచె, పక్కన ఎవరైనా పట్టుకుంటే సరి. పిల్లలు ఈ ఉద్యోగానికి పోటీపడతారు.

నూలు తీసేవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. పొందూరు 100వ నంబరు నూలు కంటికే సరిగ్గా ఆనదు, తెల్ల గోడ ముందు పెట్టి తీస్తే ఫోటోలో దారం మాయం, ఆవిడ గాల్లో చెయ్యి ఊపుతున్నట్టు ఉంటుంది. వెనకాల చీకటి ఉండాలి, గది లోపలి నలుపో, తలుపు చెక్కో. వెలుగు పక్క నుంచో కొంచెం వెనక నుంచో రావాలి. అప్పుడు దారం వెండితీగలా లేస్తుంది.

బుడితి ఇత్తడికి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తలనొప్పి. మెరుగు పెట్టిన చెంబు అద్దంలా చుట్టూ ఉన్నదంతా చూపిస్తుంది, అందులో మీరూ, మీ రంగురంగుల చొక్కా. ముదురు రంగు, పూలు లేని చొక్కా వేసుకెళ్ళండి. పోత పోసేటప్పుడు కరిగిన లోహం వెలుగుకి కెమెరా బెదిరి మిగతాదంతా నల్లగా చేస్తుంది, కాబట్టి వెలుగుని ముఖానికి లాక్ చేసుకోండి, లోహం తెల్లగా పేలిపోతే పోనివ్వండి. వైట్ బ్యాలెన్స్ (వెలుగుని బట్టి రంగుల్ని సర్దే సెట్టింగు) ఆటోలో ఉంటే కొలిమి ఎరుపుని అది "సరిచేసి" చంపేస్తుంది, డేలైట్‌లో పెట్టండి.

5. సెట్టింగులు, క్లుప్తంగా

ఫోన్‌లో మామూలు లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది, దగ్గరికెళ్ళి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 2 ఎక్స్ పెట్టి ఒకడుగు వెనక్కి వేయండి. బ్యూటీ ఫిల్టర్ తీసేయండి, అది పుట్టిందే ఈ పనికి శత్రువుగా. పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఆపేయండి, ఎందుకంటే వెనకాల మసక చేసే ఆ సాఫ్ట్‌వేర్‌కి నూలు పోగు, వీణ తీగ, వల కన్ను అర్థం కావు, వాటిని కూడా తుడిచేస్తుంది. తెర మీద ముఖాన్ని వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి. మన చామనఛాయ, నలుపు ముఖాల్ని ఫోన్లు అవసరానికి మించి తెల్లబరుస్తాయి. ఆ నలుపులో ఉన్న మెరుపు పోతే ముఖంలో ఇంకేం మిగలదు.

కెమెరా ఉంటే 50 ఎంఎం లేదా 35 ఎంఎం లెన్సు. పనివాళ్ళకి 85 కంటే ఇవే నయం, మనిషితో పాటు పని కూడా ఫ్రేములో ఉండాలి కదా. లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె ఎఫ్/4 దగ్గర మొదలుపెట్టండి. ఎఫ్/1.8 లో కన్ను ఒక్కటే స్పష్టంగా వచ్చి చేతులు మసకైతే మనం ఇంతదూరం వచ్చింది దేనికి? షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో పనిని బట్టి: మామూలుగా సెకనులో 1/125, సుత్తి దెబ్బ, తప్పెటగుళ్ళ గెంతు నిలవాలంటే 1/500 పైన, రాట్నం చక్రం తిరుగుతున్నట్టు కనపడాలంటే 1/15 పెట్టి మోచేతులు గోడకి ఆనించుకుని తీయండి, ముఖం నిలకడగా ఉంటుంది, చక్రం పొగలా వస్తుంది. రాత్రి జముకుల కథ ట్యూబ్‌లైట్ల కింద అయితే 1/50 గానీ 1/100 గానీ ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, షట్టర్ దానికి పొత్తు కుదరకపోతే ఫోటోలో చారలు వస్తాయి. ఫ్లాష్ వద్దు.

పత్తి ఏకే గదిలో లెన్సు మార్చకండి, దూది లోపలికి పోతుంది. సముద్రం దగ్గర నుంచి రాగానే మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో కెమెరా ఒళ్ళంతా తుడవండి.

6. కొత్తచీర ఫోటో

మీరు రెండోరోజు వెళ్ళేసరికి ఆవిడ తల దువ్వుకుని, పౌడర్ రాసుకుని, పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని ఉంటుంది. లేదా తాత మడత నలగని తెల్ల చొక్కాలో బిగుసుకుని నిలబడి ఉంటాడు. చాలామంది ఫోటోగ్రాఫర్లు ఇక్కడ నీరుకారిపోయి "అయ్యో, మామూలు బట్టల్లోనే ఉండాల్సింది" అంటారు. అలా అనకండి. ముందు ఆ ఫోటోయే తీయండి, మొక్కుబడిగా కాకుండా శ్రద్ధగా, నిటారుగా, వాళ్ళు అడిగినట్టు, కావాలంటే ఇంటాయనతో, మనవలతో. గోడ మీదికి ఎక్కేది అదే. వాళ్ళకి కావలసింది వాళ్ళకి దక్కాక, "ఇప్పుడు పని బట్టల్లో కూడా నాలుగు తీద్దాం మామ్మా" అంటే ఎవరూ కాదనరు, పైగా ఆ పాటికి టెన్షన్ పోయి ఉంటుంది.

పని మొదలుపెట్టాక కెమెరా చూడమని చెప్పకండి. మాట్లాడుతూ ఉండండి, కానీ "మీ జీవితం గురించి చెప్పండి" లాంటి టీవీ ప్రశ్నలు కాదు. "ఈ మెట్టు కొంచెం జరిగితే ఏమవుతుంది?", "ఈ దారం ఎందుకు తెగింది?", "మీ నాన్నగారి ఉలికీ దీనికీ తేడా ఏంటి?" పని గురించి అడిగితే చేతులు ఆగవు, ముఖం మాత్రం మారుతుంది. వాళ్ళంతట వాళ్ళు తలెత్తి చూసినప్పుడు వచ్చేదే సూటి చూపు.

7. ఏమేం తీయాలి

ఒక మనిషికి ఒక్క ఫోటో సరిపోదు, యాభై అక్కర్లేదు. చుట్టూ ఉన్న చోటుతో సహా ఒకటి, నడుము నుంచి పైకి పనితో ఒకటి, చేతులు మాత్రమే ఒకటి, ఆఖరున పని ఆపి మిమ్మల్ని చూస్తున్న ముఖం. చేతుల ఫోటోకి ఒక హెచ్చరిక: పనిముట్టు పట్టుకున్న తీరు సరిగ్గా ఉందో లేదో అప్పటికప్పుడే తెర మీద వాళ్ళకే చూపించి అడగండి. "బొటనేలు అలగుండదు" అని వాళ్ళే చెప్తారు, మళ్ళీ తీయండి.

ఇందులో రెండు పాత దారులున్నాయి, తెలుసుకుంటే పనికొస్తాయి. జర్మనీలో ఆగస్ట్ సాండర్ రొట్టెలవాళ్ళని, తాపీవాళ్ళని, రైతుల్ని వాళ్ళు ఉండే చోటే, వాళ్ళ సామానుతోనే నిలబెట్టి నిదానంగా తీశాడు. ఇర్వింగ్ పెన్ 1950 ప్రాంతంలో పారిస్, లండన్, న్యూయార్క్‌లలో వీధి పనివాళ్ళని పనిబట్టలతో, పనిముట్లతో స్టూడియోకి పిలిచి ఉత్త తెర ముందు నిలబెట్టాడు, పారిస్‌లో ఆ తెర ఒక పాత నాటకశాలది. మొదటి పద్ధతిలో చోటు మాట్లాడుతుంది, రెండోదాంట్లో మనిషి నిలబడే తీరు. మన దగ్గర రెండోది కూడా చేయొచ్చు, రంగు వెలిసిన టార్పాలిన్ ఒకటి రెండు గెడలకి కట్టి నీడలో వేలాడదీస్తే అదే స్టూడియో. తప్పెటగుళ్ళ దళానికి ఇది అద్భుతంగా కుదురుతుంది. ప్రదర్శనలో వాళ్ళు గెంతుతుంటే ముఖం దొరకదు, మొదలవడానికి ముందు, గజ్జెలు కట్టుకుని గుండె మీద తప్పెట బిగించుకుని నిలబడ్డప్పుడు ఒక్కొక్కర్నే తెర ముందుకి పిలవండి. అందర్నీ ఒకే దూరం నుంచి, ఒకే ఎత్తు నుంచి తీస్తే పక్కపక్కన పెట్టినప్పుడు ఒక్కో మనిషి తేడా తెలుస్తుంది. హరికథ చెప్పేవాళ్ళకి మాత్రం తెర వద్దు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు, ఆ ఊళ్ళో హరికథకి గుడి మండపాలు, పాత వీధులు ఎటూ ఉన్నాయి, వాటినే వాడుకోండి. ఇంకో మాట, దసరా తరవాత వచ్చే పైడితల్లమ్మ సిరిమానోత్సవం మంగళవారం నాడు విజయనగరంలో పోర్ట్రెయిట్లు తీద్దామని వెళ్ళకండి. జనంలో కాళ్ళు నేలమీద ఆనితే గొప్ప. ముందు వారమో తరవాతి వారమో వెళితే వేషాలు వేసేవాళ్ళు, మేళాలవాళ్ళు తీరిగ్గా మాట్లాడతారు.

మత్స్యకారులకీ ఇలాంటి తీరిక కాలం ఒకటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల మీద వేట నిషేధం. అందరూ పడవలు సముద్రంలో ఉన్నప్పుడు తీయాలని చూస్తారు, నాకు మాత్రం ఈ రెండు నెలలే ఇష్టం. మనుషులు ఒడ్డునే ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ, పడవలకి రంగులేసుకుంటూ. వల కాలి బొటనవేలికి తగిలించి లాగి పట్టి, చేతులు కన్ను తరవాత కన్ను అల్లుతుంటే, కళ్ళు మాత్రం మీతో మాట్లాడుతుంటాయి.

8. ప్రమాదం ఉన్నచోట

తాటిచెట్టు, కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్ళని పైన ఆగి ఇటు చూడమని అరవకండి. ఎప్పటికీ. మీ ఫోటోకోసం ఆయన పట్టు మారకూడదు. కింద మోకు నడుముకి బిగించుకుంటున్నప్పుడు తీయండి, పైకి చూసి చెట్టుని అంచనా వేసే చూపు అప్పుడే ఉంటుంది. అసలు ముఖం కూడా అదే, పైన ఉన్నది అరికాళ్ళే. పాములు పట్టేవాళ్ళని పాము పట్టుకుని పోజు పెట్టమనడం కూడా అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములకీ వర్తిస్తుంది, మీ సరదాకి ఆయన చిక్కుల్లో పడతాడు. కొక్కెం కర్ర, సంచి, ఆయన, చాలు. కొలిమి దగ్గర ఎక్కడ నిలబడాలో వాళ్ళనే అడగండి, చెప్పిన చోటు దాటకండి.

9. ఏరడం, రంగు

ఇంటికి రాగానే ఏరకండి, రెండ్రోజులు ఆగండి. మీరు పడ్డ కష్టం గుర్తున్నంతసేపు ప్రతి ఫోటో గొప్పగానే ఉంటుంది. తరవాత ముందుగా చేతులు తప్పుగా ఉన్నవి తీసేయండి, ముఖం ఎంత బాగున్నా సరే. ఆ తరవాతే ముఖం చూడండి.

బ్లాక్ అండ్ వైట్ చేస్తే ఏదైనా గంభీరంగా కనిపిస్తుంది, అందుకే అనుమానించాలి. పొందూరు ఎర్రపత్తి లేత ఎరుపు, కొత్త ఇత్తడి పసుపు, పనస చెక్క రంగు, ఇవి ఆ పనిలో భాగం, తీసేస్తే సగం పని పోయినట్టే. వలకి, ముఖానికి నలుపు తెలుపు నప్పుతుంది. ముడతల్ని పదును పెంచి చెక్కినట్టు చూపించే అలవాటు మానేయండి, ఆవిడ మనవరాలు చూసి "మా మామ్మ ఇంత ముసలిదా" అనుకోకూడదు.

10. పేరు, ప్రింటు

ఫోటో కింద "ఒక వృద్ధ కళాకారిణి" అని రాయకండి. వాళ్ళు ఒప్పుకుంటే పేరు, ఊరు, చేసే పని, పనిముట్టు పేరు వాళ్ళ మాటలోనే రాయండి. ఒప్పుకోకపోతే ఊరు, పని చాలు. మన దగ్గర పని పేరు చెప్తే కులం పేరు చెప్పినట్టే అయ్యే చోట్లు ఉన్నాయి, కాబట్టి కులం ఊసు వాళ్ళంతట వాళ్ళు రాయమంటేనే రాయండి. "అంతరించిపోతున్న కళ" అనే మాట కూడా ఊరికే తగిలించకండి, ఆ మనిషి ఎదురుగా కూర్చుని పని చేస్తున్నాడు కదా, ఆయన్నే అడగండి, ఇంకా ఎంతమంది చేస్తున్నారో, ఎవరు నేర్చుకుంటున్నారో. ప్రకటనకో, అమ్మకానికో వాడే ఉద్దేశం ఉంటే అది వేరే ఒప్పందం, తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవాలి.

ప్రింటు తప్పకుండా ఇవ్వండి, కొత్తచీర ఫోటో పెద్దది, పని ఫోటో చిన్నది. మ్యాట్ పేపర్ మీద వేయిస్తే మంచిది, నిగనిగలాడే పేపరు మన ఉక్కపోతకి అద్దానికి అంటుకుపోతుంది. పోస్టులో పంపకుండా మీరే పట్టుకెళ్ళండి, ఎందుకంటే అదే పని చేసే పక్కింటివాళ్ళు కూడా చుట్టూ చేరి చూస్తారు, వాళ్ళు అనేది చెవులు రిక్కించి వినండి, ఏ మాట దేని గురించి అన్నారో రాసుకోండి, రెండోసారి తీసేటప్పుడు అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. కొడుకులు, కూతుళ్ళు హైదరాబాదులోనో చెన్నైలోనో పనుల్లో ఉంటారు, వాళ్ళ నంబరు అడిగి ఫోటోలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే క్లారిటీ పోతుంది.